సొట్ట

ఈ ఊరి పేరు హల్.
వచ్చిన కొత్తలో నవ్వుకున్నాను,
అచ్చు తోడులేని హల్లు, అచ్చం నాలాగే అని.
ఇప్పుడు ఆ నవ్వుకి కూడా పెదవులు కదలవు.

క్రిస్మస్ మర్నాడు బస్సులుండవు.
వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ దిగి
దుప్పట్లు మార్చిన చేతులు జేబుల్లో దోపుకుని
రెండు మైళ్ళు నడిచాను.
హంబర్ నది మీంచి వచ్చే గాలికి
ఎవరి కోటు ఎంత పాతదో ఇట్టే తెలిసిపోతుంది.

ఐదుంపావుకే వరస మలుపు తిరిగింది.
పైజమా మీదే కోటు తగిలించుకొచ్చింది ఒకావిడ.
చేపలు పట్టే కుర్చీ వేసుక్కూచున్నాడు ఒకాయన,
టీవీ ఏదైనా గాలానికి తగులుతుందేమోనని.
నా వెనక గ్లెనిస్, డెబ్బై దాటిన మనిషి,
ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చి
ఏం కొంటావమ్మా అంది.
హీటర్ అనబోయి
వేడి అన్నాను.
మూతలో ఇంకాస్త టీ పోసింది.

నా గది గోడకి నల్లటి బూజు.
దిండు గలీబు ఎప్పుడూ ఇప్పుడే పిండినట్టుంటుంది.

ఆరింటికి షట్టర్ లేచింది.
మొదటాట టికెట్ కిటికీ దగ్గర రాటుతేలిన మోచేతులు నావి,
అక్కరకొస్తాయనుకున్నాను.
ఇక్కడ తోస్తూనే సారీ అంటారు.
తోపు కన్నా ఆ సారీయే నన్ను ఎక్కువ దూరం నెట్టింది.

లోపల ధరలన్నీ ముందే తలలు దించుకుని ఉన్నాయి.
ఎర్రకాయితం మీద పాత అంకె, దాని మెడకి అడ్డంగా గీత.
నాకేమో నోరు దురద.
తెనాలి గాజుల కొట్లో
ముప్పై అన్నదాన్ని పన్నెండుకి దింపి
అక్కర్లేదు పొమ్మన్నట్టు నాలుగడుగులు నడిచి
వెనక్కి పిలిపించుకున్న నోరిది.
ఇక్కడ ఎర్రకాయితంతో ఏం మాట్లాడను?
అలిగి వెళ్తే ఎవరు పిలుస్తారు?

హీటర్ల అర ఖాళీ.
అట్టడుగున ఒక్కటుంది,
పెట్టె చిరిగి, పక్కటెముక దగ్గర సొట్టపడి.
అరవై ఐదు కొట్టేసి ఇరవై తొమ్మిది.
క్యాలమ్ అని పేరు తగిలించుకున్న కుర్రాడు
నాలాగే రాత్రంతా మేలుకున్న కళ్ళతో నిలబడ్డాడు.

సొట్టకి ఇంగ్లీషు మాట గుర్తు రాలేదు.
వేలు పెట్టి చూపించాను.
అతనూ వేలు పెట్టి చూశాడు.
ఇరవై రెండు, అన్నాను.
ధర మారదు మేడమ్, అన్నాడు.
గాజుల కొట్టాయనా మొదట అదే అనేవాడు!

పెట్టె కింద పెట్టేసి నడిచాను.
ఒకటి.
రెండు.
మూడో అడుగుకి దిండు గుర్తొచ్చింది.
నాలుగోది వేస్తే ఏమవుతుందో తెలీక
పాదం గాల్లోనే ఉంది,

ఆగండాగండి, అన్నాడు.

ఈ ఊరొచ్చి పద్నాలుగు నెలలు.
నన్ను వెనక్కి పిలిచిన మొదటి గొంతు అది.
వెంటనే తిరగలేదు.
ఇంకోసారి పిలుస్తాడేమోనని
కాసేపు కెటిల్స్ వైపు చూస్తూ నిలబడ్డాను.

మేనేజర్ దగ్గరికి వెళ్ళి పసుపు కాయితంతో వచ్చాడు.
ఇరవై నాలుగు.
మహా గొప్పగా మొహం ముడుచుకుని, సరేలే, అన్నాను,
నష్టపోయిన దానిలా.
అది కూడా బేరంలో భాగమేనని
పాపం అతనికెవరు చెప్పాలి?

రసీదు అడుగున అచ్చుపడింది,
మీరు ఆదా చేసింది నలభై ఒక్క పౌండ్లు.
అన్ని జేబులూ తడిమాను.
టీ తాగిన తడి రుమాలు తప్ప ఏమీ లేదు.

పార్కింగ్ దగ్గర గ్లెనిస్ చేతిలో
ఒక్క టోస్టర్. కొన్నదెందుకో ఆమెకే తెలీనట్టుంది.
కారెక్కమంది. సొట్టని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను,
ఇనుము చల్లగా తొడల మీద.

గదిలో ప్లగ్ పెట్టాను.
కరెంటు మీటర్లో మిగిలింది మూడు పౌండ్ల పదిహేను.
దాని మీద ఎర్రకాయితం ఎవరూ అంటించలేదు.
గంటసేపే, అనుకున్నాను.
ఇనుము టక్కు టక్కుమని ఒళ్ళు విరుచుకుంది.
బూజు గోడకి వీపు పెట్టి
సొట్ట వైపు తిరిగి పడుకున్నాను.